విత్తనంలో ఇరుగుపొరుగు



స్వర్ణ వడ్లు మీకు కొత్త కాదు. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధనా స్థానంలో వశిష్ఠ, మసూరి రకాలను సంకరం చేసి తయారుచేసిన ఎం.టి.యు. 7029 వంగడమే ఇది. 1982లో విడుదలైనది. పేరుకు తగ్గట్టు గింజ పైపొట్టు బంగారు వన్నెలో ఉంటుంది. 2009లో దీనికి ముంపును తట్టుకొనే గుణం కలిపి, స్వర్ణ సబ్ 1 అనే పేరుతో మన దేశంలో విడుదల చేసినారు. పంటకాలం ఇంచుమించు అదే. ముంపు లేని ఏడు దిగుబడీ అదే. కాని ఒక తేడా మాత్రం కంటికి ఆనుతుంది. స్వర్ణ సబ్ 1 వడ్లు బంగారు వన్నెలో ఉండవు, ఎండుగడ్డి రంగులో ఉంటాయి.

రంగు మార్చమని ఎవరూ అడగలేదు. శాస్త్రజ్ఞులకూ ఆ ఉద్దేశం లేదు. వారు తెచ్చింది ముంపును తట్టుకొనే గుణం ఒక్కటే. మరి రంగు ఎందుకు మారినది?

దీనికి జవాబు చెప్పాలంటే నూరేళ్లకు పైబడిన ఒక చరిత్ర చెప్పుకోవాలి. అది విత్తనం లోపలి ఇరుగుపొరుగుల చరిత్ర. ఊళ్లో పొలం కొనేటప్పుడు మనం మన్ను ఒక్కటే చూడము. గట్టు అవతల ఎవరున్నారు, నీరు ఎవరి మడి మీదుగా వస్తుంది అని కూడా విచారిస్తాము. విత్తనంలోనూ అంతే. ఒక గుణం ఎంత మంచిదైనా, దాని పక్కన ఏమున్నదో విచారించక తప్పదు.

బోదె వెంట మడులు

మొక్క ఎత్తు, పూత కాలం, గింజ రంగు, తెగులును ఆపే శక్తి వంటి గుణాలను నడిపించేవాటిని జన్యువులు అంటారు. ఇవి మూటలో పోసిన గింజల్లాగ కలగాపులగంగా ఉండవు. పంట బోదె వెంట మడులు వరసగా ఉన్నట్లు, క్రోమోజోములు అనే సన్నని పోగుల మీద వరసగా ఉంటాయి. వరిలో ఇటువంటి పోగులు 12 జతలు. ప్రతి జతలో ఒకటి తల్లి నుంచి, రెండోది తండ్రి నుంచి వస్తుంది. ఏ జన్యువు ఏ పోగు మీద, ఎవరి పక్కన ఉండేదీ సాధారణంగా తరతరాలకు మారదు.

ఈ సంగతి మొదట ఎవరికీ తెలియదు. ఆస్ట్రియా రాజ్యంలోని బ్రున్ పట్టణంలో, అనగా నేటి చెక్ దేశపు బ్ర్నోలో, మెండెల్ అనే సన్యాసి మఠం తోటలో బఠాణీ మొక్కలు పెంచి, ఒక్కొక్క గుణాన్నీ లెక్కపెట్టినాడు. 1865లో ఆ ఫలితాలు చదివి, 1866లో అచ్చు వేయించినాడు. ఆయన లెక్కల ప్రకారం గుణాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా విడివిడిగా పంచబడతాయి. గింజ రంగు ఎటు పోయినా, గింజ నునుపు తన దారిన తాను పోతుంది. ఆ కాగితాలను ముప్పై నాలుగేళ్లపాటు పట్టించుకొన్నవారు దాదాపు లేరు. 1900లో అవి మళ్లీ వెలుగు చూసినవి.

అప్పుడు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో బేట్సన్, సాండర్స్, పున్నెట్ అనే ముగ్గురు మెండెల్ లెక్కలను సువాసన బఠాణీ పూలమొక్కల మీద పరీక్షించినారు. ఊదా పువ్వు, పొడవు పుప్పొడి గల మొక్కను, ఎర్ర పువ్వు, గుండ్రని పుప్పొడి గల మొక్కతో సంకరం చేసినారు. మొదటి తరమంతా ఊదా పువ్వు, పొడవు పుప్పొడి. రెండో తరంలో చిక్కు వచ్చినది. 1905 నుంచి వెలువడిన ఈ ప్రయోగాల్లో బాగా పేరుకెక్కిన లెక్క 6,952 మొక్కలది. మెండెల్ సూత్రం ప్రకారమైతే పాతజోడీలు విడిపోయి, ఊదా పువ్వు, గుండ్రని పుప్పొడి గల మొక్కలు సుమారు 1,303 రావాలి. వచ్చినవి 390. ఎర్ర పువ్వు, పొడవు పుప్పొడి కూడా 1,303 రావాలి. వచ్చినవి 393. తాతల నాటి జోడీలు మాత్రం రావలసినవాటికన్నా చాలా ఎక్కువగా వచ్చినవి. అంటే ఆ రెండు గుణాలూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకొని ప్రయాణం చేస్తున్నాయి. ఎందుకో వారికి అంతుపట్టలేదు.

కారణం అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో దొరికినది. అక్కడ మోర్గాన్ అనే ఆచార్యుడు మాగిన పండ్ల మీద ముసిరే చిన్న ఈగలను సీసాల్లో పెంచి పరిశోధించేవాడు. జన్యువులు ఒకే పోగు మీద ఉంటే కలిసి పోతాయని, వేరు వేరు పోగుల మీద ఉంటే విడివిడిగా పోతాయని ఆయన గ్రహించినాడు. ఒకే పోగు మీదివి కూడా అప్పుడప్పుడు విడిపోతాయి. ఎట్లాగంటారా? రెండు పలుపుతాళ్లను పక్కపక్కన పెట్టి, ఒకచోట తెంచి, దీని ముక్క దానికి, దాని ముక్క దీనికి ముడివేసినారనుకోండి. పుప్పొడి, అండము తయారయ్యేటప్పుడు తల్లి పోగు, తండ్రి పోగు ఇట్లాగే ముక్కలు మార్చుకొంటాయి. పలుపు మీద బారెడు దూరాన ఉన్న రెండు గుర్తులు సులువుగా విడిపోతాయి. బెత్తెడు దూరంలో ఉన్నవి అరుదుగా విడిపోతాయి.

మోర్గాన్ వద్ద స్టర్టెవాంట్ అనే విద్యార్థి ఉండేవాడు. విడిపోయే లెక్కనుబట్టి దూరం కట్టవచ్చునని అతనికి తోచినది. 1911లో ఒక రాత్రి కూర్చొని, మన కరణాలు ఊరి పటం గీసినట్లు, జన్యువుల పటం గీసినాడు. ఆరు జన్యువులతో ఆ పటం 1913లో అచ్చయినది. నేటి జన్యు పటాలన్నిటికీ మూలం అదే.

పొట్టితనంతో పాటు పోయినదేమి?

ఇదంతా ఈగలకు, పూలమొక్కలకు సంబంధించిన ముచ్చట అనుకోకండి. మన పొలంలో జరిగిన సంగతి వినండి.

1960 ప్రాంతానికి ముందు మన వరి రకాలు చాలావరకు పొడుగువి. ఎరువు వేస్తే ఏపుగా పెరిగి, వెన్ను బరువెక్కగానే పడిపోయేవి. తైవాన్‌లోని డీ జియో వూ జెన్ అనే పొట్టి రకంలో ఈ దోషం లేదు. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థవారు దానిని పీటా అనే పొడుగు రకంతో 1962లో సంకరం చేసి, 1966లో ఐఆర్ 8 విడుదల చేసినారు. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు 1967లో దానిని పండించి, "మిస్టర్ ఐఆర్ 8" అని పేరు పొందినారు. ఎరువుకు పంట నిలిచినది, గాదెలు నిండినవి. పొట్టితనం ఇచ్చే ఈ జన్యువు మొదటి పోగు మీద ఉన్నదని, మొక్కను పొడుగు సాగించే గిబ్బరెల్లిన్ అనే పదార్థం తయారీని అది తగ్గిస్తుందని 2002లో తేలినది.

నీటి వసతి గల చోట ఈ పొట్టి రకాలు దేశానికి అన్నం పెట్టినవి. అందులో సందేహం లేదు. కాని వర్షాధారపు భూముల్లో రైతులు ఒక మాట అనేవారు: "వాన మొహం చాటేస్తే పాత వడ్లు ఎంతో కొంత ఇస్తాయి, కొత్త వడ్లు చేతులెత్తేస్తాయి." దీనికి చాలా కారణాలుండవచ్చు. వాటిలో ఒక కారణం 2011, 2015 సంవత్సరాల్లో వెలువడిన పరిశోధనల్లో స్పష్టమైనది.

ఉత్తరాదిన పేరుపొందిన నగీనా 22 వంటి పాత రకాల్లో, బెట్టలో కూడా గింజ కట్టించే ఒక భాగం మొదటి పోగు మీదనే, పొట్టి పొడుగు జన్యువుకు అతి దగ్గరలో ఉన్నది. పాత రకాల్లో బెట్టను తట్టుకొనే గుణం, పొడుగు గుణం ఒకే పోగు మీద గట్టు కలిసిన పొరుగులు. పొట్టి మొక్కలను ఏరుకొన్నప్పుడు పొడుగు గుణాన్ని వదిలేసినాము. దానితో పాటు పొరుగున ఉన్న బెట్ట గుణం కూడా పోయినది. దానిని ఎవరూ చూడలేదు, ఎవరూ కావాలని తీసివేయలేదు. నీరు పుష్కలంగా ఉన్న పరీక్ష మడుల్లో పోయిన సంగతి బయటపడేదీ కాదు.

ఆపైన ఆ సంస్థవారే పట్టుపట్టి ఈ జోడీని విడదీసినారు. వేల మొక్కల్లో, పోగులు సరిగ్గా ఆ రెండింటి నడుమ ముక్కలు మార్చుకొన్న అరుదైన మొక్కలను గుర్తించి, పొట్టిగానే ఉండి బెట్టను తట్టుకొనే వరసలు తయారుచేసినారు. అంటే పొట్టితనానికీ బెట్టకూ పుట్టు వైరం లేదు. వాటిని కలిపి ఉంచినది కేవలం ఇరుగుపొరుగు. ఈ తేడా తెలియకపోతే, "పొట్టి రకాలింతే" అని చేతులు కట్టుకొని కూర్చొనేవారము.

పొరుగును బట్టి నడవడి

ఇంతవరకు కలిసి ప్రయాణించడం గురించి చెప్పుకొన్నాము. రెండో సంగతి ఇంకా విచిత్రం. ఒక జన్యువు ఏమాత్రం మారకపోయినా, అది ఉన్న చోటు మారితే దాని పని మారవచ్చు. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు గదా, అట్లాగన్నమాట.

దీనిని మొదట చూపినవాడు కూడా స్టర్టెవాంటే. ఈగల్లో మామూలు కన్నుకు సుమారు 780 చిన్న చిన్న ముఖాలుంటాయి. బార్ అనే గుణం ఉంటే కన్ను సన్నని గీతలాగ అవుతుంది. ఆ గుణం రెండు పోగుల మీద ఒక్కొక్కటిగా ఉన్నప్పుడు సుమారు 68 ముఖాలు. అవే రెండూ ఒకే పోగు మీద పక్కపక్కన చేరితే సుమారు 45. లెక్కకు రెండూ ఒకటే, చోటు మాత్రమే వేరు. 1925లో ఆయన దీనిని స్థాన ప్రభావం అన్నాడు.

తరువాత మొక్కజొన్న వంతు. అమెరికాలో బార్బరా మెక్‌క్లింటాక్ అనే శాస్త్రజ్ఞురాలు మొక్కజొన్న గింజల మీద మచ్చలు ఎందుకు వస్తాయో ఏళ్ల తరబడి పరిశీలించినది. కొన్ని జన్యు భాగాలు ఒక చోటినుంచి మరొక చోటికి ఎగిరిపోతాయని, అవి రంగు జన్యువు వద్ద దిగితే రంగు ఆగిపోతుందని, మళ్లీ లేచిపోతే రంగు తిరిగి వస్తుందని ఆమె 1940ల్లో కనిపెట్టి, 1950లో ప్రకటించినది. కంకి మీద చుక్కల గింజలు ఈ రాకపోకల గుర్తులే. చాలామంది అప్పుడు పట్టించుకోలేదు. 1983లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చినది.

1961లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో జాకబ్, మోనో అనే ఇద్దరు మరొక ఏర్పాటును వివరించినారు. పేగుల్లో ఉండే ఒక సూక్ష్మజీవికి పాలలోని చక్కెరను వాడుకోవడానికి సంబంధించిన మూడు జన్యువులు పక్కపక్కన ఉన్నాయి. వాటన్నిటికీ ముందు ఒకే మీట. పాలచక్కెర లేనప్పుడు ఒక కాపలాదారు ఆ మీటను మూసి ఉంచుతుంది. చక్కెర రాగానే తెరుస్తుంది. ఒకే తూము కింద మూడు మడులున్నట్లు లెక్క. తూము ఎత్తితే మూడూ తడుస్తాయి, దించితే మూడూ ఎండుతాయి. ఈ పనికి వారికి 1965లో లూవోఫ్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించినది.

మొక్కల్లో ఏర్పాటు ఇంత సూటిగా ఉండదు. చాలావరకు ఒక్కొక్క జన్యువుకు తన తూము తనకే ఉంటుంది. అయితే ఆ తూము జన్యువు పక్కనే ఉండాలని లేదు, చాలా ఎగువన కూడా ఉండవచ్చు. దీనికి మంచి ఉదాహరణ మళ్లీ మొక్కజొన్నే. మెక్సికోలో టియోసింటె అనే అడవిగడ్డి నుంచి సుమారు 9,000 ఏళ్ల కిందట అక్కడి రైతులు మొక్కజొన్నను తయారుచేసుకొన్నారు. టియోసింటె పొదలాగ కొమ్మలు వేస్తుంది. మొక్కజొన్న ఒక కాండం మీద నిలబడుతుంది. కొమ్మలను అణచే జన్యువు రెండింటిలోనూ ఉన్నది. కాని మొక్కజొన్నలో ఆ జన్యువుకు సుమారు 60,000 అక్షరాల ఎగువన, మెక్‌క్లింటాక్ చెప్పిన ఎగిరే భాగాల జాతిది ఒకటి దిగి కూర్చొన్నది. అది ఉండటంవల్ల దిగువ జన్యువు ఎక్కువగా పనిచేస్తున్నది. డోబ్లీ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఈ సంగతి 2011లో వెల్లడించినారు. ఆ భాగం వ్యవసాయం పుట్టకముందే కొన్ని అడవి మొక్కల్లో చేరి ఉన్నదట. చదువు లేని ఆనాటి రైతులు కొమ్మలు తక్కువ గల మొక్కల విత్తనం ఏరి దాచుకొన్నారు. ఎగువ తూము సంగతి వారికి తెలియదు, ఫలితం మాత్రం కంటితో చూసినారు. ఆ చూపు ఖరీదు ఎంతో మనం ఆలోచించుకోవాలి.

ఒక మడి రెండు మడులైనప్పుడు

మూడో సంగతి, పొరుగులు ఎట్లా ఏర్పడతాయి? ఇందుకు మన వరిలోనే చక్కని ఉదాహరణలున్నాయి.

ఒడిశాలో ధల్‌పుటియా అనే పాత దేశవాళీ వరి ఉండేది. నీట మునిగినా చావనిది. దానిలోంచి ఏరినదే ఎఫ్.ఆర్. 13ఎ. దిగుబడి తక్కువ గనుక వ్యాపార సేద్యానికి పనికిరాలేదు. కాని విత్తన నిధిలో భద్రంగా ఉన్నది. అది ముంపును తట్టుకొనే గుణంలో ఎక్కువ పాలు తొమ్మిదో పోగు మీద ఒక చోట ఉన్నదని 1996లో కనుగొన్నారు. 2006లో మాకిల్, రోనాల్డ్, బెయిలీ సెర్రెస్, వారి సహచరులు ఆ చోటును విప్పి చూసినారు. అక్కడ ఒకే వంశానికి చెందిన మూడు జన్యువులు గుంపుగా ఉన్నాయి. వాటికి సబ్ 1ఎ, సబ్ 1బి, సబ్ 1సి అని పేర్లు. బి, సి రెండూ సాగువరుల్లో మామూలే. ఎ మాత్రం కొన్ని రకాల్లోనే ఉన్నది. ఎఫ్.ఆర్. 13ఎలో ఉన్న ఎ రూపమే ముంపును తట్టిస్తుంది.

ఆ ఎ ఎక్కడిదంటే, పక్కనున్న బికి నకలుగా పుట్టినదని పరిశోధకుల అభిప్రాయం. అన్నదమ్ములు పంచుకొన్నట్లు ఒక మడి రెండు మడులైనది. ఒకటి పాత పంటనే వేస్తున్నది గనుక, రెండోది కొత్త పంట వేసి చూడటానికి వీలు చిక్కినది. ప్రకృతిలో కొత్త గుణాలు పుట్టే ముఖ్యమైన దారుల్లో ఇది ఒకటి.

దాని పని కూడా విచిత్రమే. మామూలు వరి మునిగితే తల పైకెత్తాలని ఆత్రంగా సాగుతుంది. ఉన్న పిండి పదార్థమంతా ఖర్చుచేసుకొని, నీరు తీసేసరికి నీరసించి కూలిపోతుంది. సబ్ 1ఎ గల మొక్క సాగకుండా, ఖర్చు తగ్గించుకొని ఓపిక పడుతుంది. పది పద్నాలుగు రోజుల ముంపు తరువాత కూడా మళ్లీ చిగురిస్తుంది.

ఇక మొదట అడిగిన ప్రశ్నకు జవాబు. ఈ ముంపు గుణానికి దగ్గరలోనే, అదే తొమ్మిదో పోగు మీద, పొట్టుకు బంగారు వన్నె రాకుండా అణచే జన్యువు ఒకటి ఉన్నది. శాస్త్రజ్ఞులు సబ్ 1ను స్వర్ణలోకి తెచ్చినప్పుడు, మళ్లీ మళ్లీ స్వర్ణతోనే సంకరం చేస్తూ, గుర్తుల సహాయంతో దాత రకం ముక్కలను తీసివేస్తూ వచ్చినారు. ఎంత తీసినా అంత దగ్గరి పొరుగు మాత్రం వెంటే వచ్చినది. పెళ్లికూతురితో పాటు తోడుపెళ్లికూతురు వచ్చినట్లన్నమాట. ఈసారి వచ్చిన పొరుగు నష్టం చేయలేదు. స్వర్ణకూ స్వర్ణ సబ్ 1కూ తేడా కంటితోనే గుర్తుపట్టే వీలు కలిగించినది. ప్రతిసారీ ఇంత అదృష్టం ఉండదు. బెట్ట గుణం సంగతి చూసినారు గదా.

తెగుళ్లను ఆపే జన్యువులు కూడా తరచు గుంపులుగానే ఉంటాయి. ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చిన ఎక్స్.ఎ. 21 అనే జన్యువు బాక్టీరియా ఆకు ఎండు తెగులును ఆపుతుంది. 1995లో దానిని విడదీసి చూసినప్పుడు, పదకొండో పోగు మీద దాని దాయాదులు మరికొన్ని పక్కనే కనిపించినవి. వాటిలో ఒకటి పాక్షికంగా మాత్రమే కాపాడగలదు. ఒకేలాగ ఉన్న పొరుగులు ముక్కలు మార్చుకొనేటప్పుడు కొలత తప్పి, కొత్త కలయికలు పుడతాయి. వేషం మార్చే తెగులుకు మొక్క ఇచ్చే జవాబు అక్కడ తయారవుతుంది. ఎక్స్.ఎ. 21ను మరి రెండు జన్యువులతో కలిపి, హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలకాలయం, కణ, అణు జీవశాస్త్ర కేంద్రంవారు మన సాంబ మసూరిలోకి తెచ్చినారు. అదే 2008లో విడుదలైన మెరుగైన సాంబ మసూరి. ఒక్క జన్యువు మీదనే ఆధారపడితే తెగులు దానిని దాటవచ్చు గనుక మూడింటిని జోడించినారు.

కొన్నిచోట్ల అసలు బంధుత్వం లేని జన్యువులు కూడా ఒకే చోట కాపురం పెడతాయి. వరి వేళ్లనుంచి మొమిలాక్టోన్ అనే పదార్థం ఊరుతుంది. పక్కన మొలిచే కలుపును అది కొంత అణచుతుంది. దీనిని తయారుచేసే వేర్వేరు మెట్ల జన్యువులు నాలుగో పోగు మీద గుంపుగా ఉన్నాయి. చెరకు ఆడించినవాడు, రసం కాచినవాడు, బెల్లం పోసినవాడు ఒకే పాకలో ఉన్నట్లు. ఇట్లా కలిసి ఉంటే ఒకేసారి పనిలోకి దిగడం సులువు. పిల్లలకు మొత్తం పనితనం ఒక కట్టగా అందుతుంది. పని మధ్యలో ఆగి, సగం తయారైన సరుకు మొక్కకే చేటు చేయకుండా కూడా ఉంటుందని కొందరి ఊహ. అసలు చమత్కారం ఏమిటంటే, మన వరిమడిలో పెద్ద శత్రువైన ఊద గడ్డిలో కూడా ఇటువంటి గుంపే ఉన్నదని 2017లో చైనా శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఇద్దరి చేతుల్లోనూ ఒకే ఆయుధం ఉన్నదన్నమాట!

మనం చేయవలసినది

ఈ చరిత్రవల్ల తేలేది ఒకటే. విత్తనంలో ఏ గుణమూ ఒంటరిగా రాదు, ఒంటరిగా పోదు. ఇది గుర్తుంచుకొంటే మనకు నాలుగు పనులు కనిపిస్తాయి.

మొదటిది, కొత్త రకం వేసేటప్పుడు "ఇందులో కొత్తగా ఏమి వచ్చినది?" అని అడిగి ఊరుకోకండి. "దానితో పాటు ఇంకేమి వచ్చినది, ఏమి పోయినది?" అని కూడా అడగండి. మొదటి ఏడు చేనంతా వేయక, కొద్ది సెంట్లలో పాత రకం పక్కనే వేసి చూడండి. నీరు బాగా అందే మడిలోనూ, కాలువ చివరి మడిలోనూ రెండుచోట్లా చూస్తే మరీ మంచిది.

రెండోది, పాత వడ్లను పనికిరానివని పారవేయకండి. ధల్‌పుటియా దిగుబడిలో స్వర్ణకు సాటి కాదు. కాని ఆ ఒడిశా రైతులు దానిని కాపాడి ఉండకపోతే స్వర్ణ సబ్ 1 లేదు. మీ ఇంట తాతల నాటి రకం ఉంటే కొద్దిగానైనా ఏటా వేసి నిలపండి. మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 2001లో వచ్చినది. దాని ప్రకారం రైతులు తమ రకాలను తమ పేర నమోదు చేయించుకోవచ్చు. విత్తన నమూనాలను భద్రపరచే జాతీయ సంస్థకు హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉన్నది.

మూడోది, విత్తనానికి ఉంచిన చేలో కేళీలను శ్రద్ధగా చూడండి. స్వర్ణలో ఎండుగడ్డి రంగు వడ్లు కనబడితే కలగలుపు జరిగిందని అనుమానించండి. విత్తనపు చేలో అయితే ఏరివేయవలసిందే. కాని ఎండిన చేలో ఒక్క మొక్క పచ్చగా నిలిచి గింజ కట్టితే దానిని కోతలో కలిపివేయకండి. వెన్ను వేరుగా కోసి, గుర్తు కట్టి, దగ్గరి పరిశోధనా స్థానానికి చూపండి.

నాలుగోది విస్తరణ ఉద్యోగులకు మనవి. రైతు చెప్పిన ఫిర్యాదును "దిగుబడి తక్కువ" అన్న రెండు మాటల్లో రాసి పంపకండి. ఎప్పుడు ఎండినది, ఎన్ని రోజులు మునిగినది, మొక్క ఎత్తు ఎంత, గింజ రంగు ఏమిటి, పక్కమడిలో ఏ రకం ఎట్లా ఉన్నది, అన్నీ రాయండి. కేంబ్రిడ్జిలో ఆ ముగ్గురు 390, 393 అన్న లెక్కలను పొరపాటని కొట్టివేసి ఉంటే ఈ చరిత్రే మొదలయ్యేది కాదు. సూత్రానికి సరిపడని లెక్కను దాచకుండా రాయడమే వారి గొప్పతనం. బెట్టలో కొత్త వడ్లు చేతులెత్తేస్తాయన్న వర్షాధారపు రైతు మాట కూడా అటువంటి లెక్కే. దానికి పూర్తి సమాధానం రావడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టినది. ఈసారి వచ్చే మాటకు అంత కాలం పట్టకుండా చూడవలసిన బాధ్యత మన అందరిదీ.

ఈ ఏడు వేయబోయే విత్తనం సంచి విప్పినప్పుడు, గింజను అరచేతిలో పోసుకొని ఒక్క నిమిషం చూడండి. అందులో 12 జతల బోదెల వెంట వేలకొద్ది మడులు, గట్లు, తూములు ఉన్నాయి. వాటిని మన పెద్దలు ఏరి, దాచి, చేతులు మార్చి మనకు అందించినారు. వాటి ఇరుగుపొరుగు తెలుసుకొని సేద్యం చేద్దాం.